వేలం హాలు పైకప్పు

"మైకు కట్టెయ్! ముందు ఆ మైకు కట్టెయ్!"

అరిచింది ఎవరో తెలియదు. వేలం హాలు నిండా తెల్లటి దుమ్ము. ఎవరి చెయ్యి వాళ్లకే కనపడనంత దుమ్ము. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు, ఎక్కడో కుర్చీ ఫెళ్లున విరిగింది. వీటన్నిటి మీదా బాక్సుల్లోంచి ఒకటే కూత. వేదిక మీద బోర్లా పడ్డ మైకు పెడుతున్న కూత అది. మైకాయన మిక్సరు మీద రెండు చేతులూ వేసి మీటల కోసం తడుముకుంటున్నాడు. కళ్లు మూసుకుని తిప్పే మీటలు. ఇప్పుడు ఒక్కటీ చేతికి తగలడం లేదు.

"కట్టెయ్యవయ్యా బాబూ! మిగిలింది కూడా పడేట్టుంది!"

చివరికి కరెంటు వైరే పట్టుకుని లాగేశాడు. కూత ఆగింది. అప్పుడు వినపడింది, వేదిక మీంచి వయొలిన్ మేష్టారి మూలుగు.

ఏం జరిగిందో మైకాయనకి అర్థం కాలేదు. మేష్టారు వాయిస్తున్నారు. జనం తల ఊపుతున్నారు. హాలు మధ్యలో నిలబడ్డ తన భార్య తనవైపు తిరిగి అరచెయ్యి పైకీ కిందికీ ఆడించింది. పెంచమంటోంది కాబోలనుకుని మీట కాస్త పైకి తోశాడు. అంతే. నెత్తిమీద ఏదో పటపటమంది. పెద్ద దుప్పటి దులిపినట్టు పైకప్పు లోపలి గార మొత్తం ఒక్కసారిగా కిందికి దిగింది.

ఎవరూ చావలేదు. అదొక్కటే అదృష్టం. మేష్టారి ఎడమ మణికట్టు విరిగింది. మరో నలుగురైదుగురికి తలలు చిట్లాయి. జనాన్ని పెరట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. అందరి జుట్లూ కనుబొమ్మలూ తెల్లగా ఉన్నాయి. అరగంటలో ఊరంతా ముసలిదైపోయినట్టుంది.

"ఆ సౌండు డబ్బా వల్లేనండీ, అనుమానమే లేదు," అన్నాడు తలకి రుమాలు అదుముకున్న ఒక లావుపాటాయన. "అది గుంయ్ అంటుంటే నా పొట్ట అదిరింది. నా పొట్టే అదిరితే పాతకాలపు పైకప్పు అదరదా?"

"మీ పొట్ట దేనికైనా అదురుతుంది గానీ ఊరుకోండి," అన్నాడు మైకాయన బావమరిది. వైర్లు మోసేదీ అతనే, బావ తరఫున జగడమాడేదీ అతనే. "సౌండుకి పైకప్పులు పడితే ఊళ్లో ఒక్క ఇల్లు మిగలదు."

"మరి మైకు కట్టెయ్ మైకు కట్టెయ్ అని అంతమంది ఎందుకరిచారోయ్? ఊరికే అరుస్తారా?"

బావమరిది వైరు చుట్ట భుజానికెత్తుకుని పక్కకి తిరిగాడు. దుమ్ములో ఎవరో ఒకరు కూత భరించలేక అరిచిన అరుపు అది. పెరట్లోకి వచ్చేసరికి తీర్పైపోయింది.

మైకాయన బాక్సులు బయటికి మోసుకొస్తుంటే భార్య ఎదురొచ్చింది. ఆమెని ఇక్కడ అందరూ కెప్టెన్ వదిన అంటారు. పురపాలక సంఘం వాళ్లు, ఒకప్పుడు వేలాలు జరిగిన ఈ పాత హాలు పడగొట్టి బళ్లు నిలిపే స్థలం చేద్దామన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం చీపుళ్లూ బకెట్లూ ఇచ్చి జనాన్ని పనిలో దింపుతున్నది ఆమే. ఈ సంగీత సాయంత్రం కూడా హాలుని నిలబెట్టుకోవడానికి పెట్టినదే.

"తగ్గించమని సైగ చేశానా లేదా?"

"చేశావు. పెంచమంటున్నావనుకున్నాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగుతో కళ్లలోని దుమ్ము తుడుచుకుని వెళ్లి మేష్టారి పక్కన కూర్చుంది.

*

మర్నాడు పొద్దున్నుంచీ మైకాయన షెడ్డులో స్పీకర్ల జాలీలు విప్పి, మెత్తటి కుంచెతో సున్నం దులుపుతున్నాడు. లోపలి కోన్ కాగితం మీద పొడి కూర్చుంటే స్పీకరు గొంతు బొంగురుపోతుంది. గట్టిగా రుద్దితే చిరుగుతుంది. ఊదుతూ దులపాలి, దులుపుతూ ఊదాలి.

ఫోను మోగింది. కల్యాణ మండపం మేనేజరు.

"ఏం లేదండీ, వచ్చే వారం ఫంక్షను వాళ్లు వేరే సెట్టు చూసుకున్నారట."

"అదేంటి సార్, నిన్న పొద్దున కూడా మాట్లాడానుగా?"

"నిన్న పొద్దున వేరండీ." మేనేజరు గొంతు తగ్గించాడు. "మా మండపానికీ ఫాల్స్ సీలింగు ఉంది కదా. మీరేమీ అనుకోకండి."

ఆ తర్వాత స్కూలు వార్షికోత్సవం వాళ్లు. ఆ తర్వాత పురపాలక ఆఫీసు నుంచి ఒక గుమాస్తా: గురువారం ఇంజనీరమ్మ హాలు చూడటానికొస్తున్నారు, మైకాయన కూడా రావాలి, సౌండే కారణమని తేలితే లైసెన్సు రద్దు. ఆ మాట గుమాస్తా ఎంతో మర్యాదగా చెప్పాడు.

లైసెన్సు పోతే ఆ షెడ్డులో ఉన్నది పాత సామానే.

మధ్యాహ్నం భోజనానికి లోపలికెళితే భార్య కంచం పెట్టి, గోడవైపు తిరిగి తమ్ముడితో చెప్పింది.

"మీ బావకి చెప్పరా, కూర అడుగంటింది. ఉన్నదాంతో సరిపెట్టుకోమను."

"బావా, కూర అడుగంటిందట."

"వినపడిందిలేరా."

"వినపడిందట అక్కా."

"ఆయనకి వినపడుతుందా?" అందామె. "పైనుంచి కిందిదాకా ఆ హాలుని కడిగి పెట్టాను. అటక దాకా ఎక్కి, ఒళ్లు హూనం చేసుకుని, తరతరాల చెత్త దింపాను. ఒక్క పాటతో నేలమట్టం చేశారు. పైన కూడా అద్దంలా ఉందమ్మా అని హాలు కమిటీ డాక్టరు గారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. కొట్టించి గంట కాలేదు."

బావమరిది కంచంలోకి చూస్తూ, "ఇదంతా కూడా చెప్పాలా అక్కా?" అన్నాడు.

మైకాయన నవ్వలేకపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రాత్రంతా తన భుజాలు తనే తడుముకుంటున్నాడు. ఆ మీట ఎంత తోశాడు? గోరంతా, వేలంతా? చెయ్యెత్తి గాల్లో మళ్లీ మళ్లీ తోసి చూసుకున్నాడు. ఒకసారి గోరంతే అనిపించింది. మరోసారి వేలంత అనిపించింది.

సాయంత్రం షెడ్డు తలుపు మూసి, పెద్ద బేస్ బాక్సు మీద ఒక చెక్క, చెక్క మీద టీ గ్లాసు పెట్టాడు. పాట పెట్టి, నిన్నటంత పెంచాడు. టీ మీద వలయాలు లేచాయి. ఇంకాస్త పెంచితే గ్లాసు మెల్లిగా నడవడం మొదలుపెట్టింది. చెక్క చివరిదాకా నడిచి ఆగింది. మైకాయన పాట ఆపేసి, నేల మీద కూలబడి, ఆ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు నడిచింది నిజం. కానీ పడలేదు. అదీ నిజం. దీన్నిబట్టి తను దోషి అనుకోవాలా, కాదనుకోవాలా?

ఏదైతే అదయిందని మేష్టారి ఇంటికి బయల్దేరాడు. తలుపు తీసిన మేష్టారి భార్య అతన్ని చూసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అలా పక్కకి జరిగింది. మేష్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కట్టుకట్టిన చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. వయొలిన్ పెట్టె మంచం కింద ఉంది.

"రావయ్యా. కూర్చో."

"మేష్టారూ, నేను..."

"ఒక్క మాట చెప్పు. నిన్న నాకు నా వాయిద్యమే సరిగా వినపడలేదు. నువ్వు సౌండు తక్కువ పెట్టావేమోనని లోపల నిన్ను తిట్టుకుంటూ వాయించాను. జనమేమో ఎక్కువ పెట్టావంటున్నారు. ఇంతకీ ఎక్కువా, తక్కువా?"

"నాకే తెలియట్లేదు మేష్టారూ."

మేష్టారు కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లు కదపబోయారు. చూపుడు వేలు కదిలింది. చిటికెన వేలు కదల్లేదు. "డాక్టర్లకీ తెలియట్లేదు," అన్నారాయన. "ఇది మళ్లీ తీగ నొక్కుతుందో లేదో చెప్పలేమంటున్నారు."

*

కచేరీకి ముందు వేదిక పైనుంచి ఇంకో మైకు వేలాడదీశాడు మైకాయన. దాని వైరు గారలోని కంతలోంచి అటకలోకి పోయి, అవతలివైపు దిగింది; ఆ రోజు చీకట్లో తడుముకుంటూ దూర్చినది. ఆ మైకు అక్కడే ఉండిపోయింది. దాన్ని తెచ్చుకోవడానికి మంగళవారం వెళ్లాడు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. కాపలా ముసలాయన తాడెత్తి, "పాట పెట్టకుండా వెళ్లిరా," అన్నాడు.

నిచ్చెనెక్కి అటకలోకి తల పెట్టిన మైకాయనకి ముందు కనిపించింది వెలుతురు. కింది నుంచి పైకి వస్తున్న వెలుతురు. నేలగా ఉండాల్సిన చోట సన్నటి చెక్క బద్దలు వరసగా, వాటి సందుల్లోంచి కింద హాలు, విరిగిన కుర్చీలు. దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, వైరుని అరచేతికీ మోచేతికీ చుట్టుకుంటూ ముందుకి జరిగాడు.

అటక శుభ్రంగా ఉంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. బూజు లేదు, దుమ్ము లేదు, ఎలక పెంట లేదు. బద్దల మీద ఇనుప పారతో గీకిన చారలు కొత్తగా మెరుస్తున్నాయి.

వైరు అవతలి మూలకి పోయింది. అక్కడ తుప్పుపట్టిన పాత నీళ్ల ట్యాంకు అడ్డంగా ఉంది. దాని వెనక్కి చీపురు కూడా దూరదు. మైకాయన పొట్ట లోపలికి పీల్చుకుని దూరాడు. అక్కడ శుభ్రం చేయలేదు. బద్దల సందుల్లోంచి సున్నపు గడ్డలు పైకి పొంగి, రెండువైపులా ఒరిగి, గట్టిపడి ఉన్నాయి. చూస్తే ఎవరో గార పనివాళ్లు పారేసిన చెత్తలాగే ఉంది. చేత్తో ఒక గడ్డని ఊడబెరకబోయాడు. రాలేదు. కాలు దూలానికి తన్నిపెట్టి లాగాడు. రాలేదు. దాని పక్కనున్న సందులోంచి కిందికి చూద్దామంటే ఏమీ కనపడలేదు. ఎందుకంటే ఆ మూల కింద పైకప్పు ఉంది.

ఆ ఒక్క మూలే పడలేదు.

మైకాయన వైరు చుట్టడం ఆపేశాడు. ట్యాంకు ఇవతలికి వచ్చి, ఖాళీ బద్దల సందుల్లోంచి వంగి ఆ మూల కింది నేలని చూశాడు. నేలంతా సున్నం. అందులో ఒక్కచోట మాత్రం పెద్ద నలుచదరం మచ్చ, సున్నం పడని మచ్చ. బేస్ బాక్సు పెట్టిన చోటు. తను మోసుకొచ్చి, తనే జరిపి, తనే సర్దిన చోటు.

డబ్బా నెత్తిమీదున్న గార చెక్కుచెదరలేదు. డబ్బాకి దూరంగా ఉన్నదంతా పడింది.

మళ్లీ చూశాడు. గడ్డలున్న చోట గార ఉంది. గడ్డలు గీకేసిన చోట గార లేదు. కింది నుంచి సున్నం అదిమినప్పుడు అది సందుల్లోంచి పైకి పొంగి, ఒరిగి, గట్టిపడి బద్దల్ని పట్టుకుంటుంది. చొక్కా గుండీ కాజాలోంచి బయటికొచ్చి పట్టుకున్నట్టు. ఆ గుండీలే పైకప్పుని మోస్తున్నాయి. గుండీలన్నీ తెంపేశాక చొక్కా ఎన్నాళ్లుంటుంది?

"నేను కాదు!" అన్నాడు పైకే. అటకలో ఒక్కడే కూర్చుని పిచ్చివాడిలా నవ్వాడు. "ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు... నేను కాదురా బాబూ!"

దూలానికి ఆనించి ఒక గీకుడు పార ఉంది. చేతులు బొబ్బలెక్కకుండా దాని పిడికి పూల గుడ్డ చుట్టి ఉంది. తన ఇంటి కిటికీ తెర గుడ్డ అది. మిగిలిన సగం ఇప్పటికీ కిటికీకి వేలాడుతోంది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"చూశావా?" అని కింది నుంచి గొంతు వినపడింది.

బద్దల సందుల్లోంచి చూస్తే హాలు మధ్యలో డాక్టరు గారు. ఎప్పుడో రిటైరైన డాక్టరు, ఇప్పుడు ఈ హాలు కమిటీకి అధ్యక్షుడు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి పైకి చూస్తున్నారు.

"దిగు. మెల్లిగా దిగు. ఇంకొకళ్లకి కట్టు కట్టే ఓపిక నాకు లేదు."

మైకాయన దిగాడు. "మీకు తెలుసా?"

"నిన్న పొద్దున ఎక్కి చూశాను. ఈ మోకాళ్లతో."

"తెలిసీ ఊరుకున్నారా? నా లైసెన్సు పోతుందండీ. రెండు ఫంక్షన్లు అప్పుడే పోయాయి."

డాక్టరు గారు విరగని కుర్చీ ఒకటి వెతుక్కుని, దులుపుకోకుండానే కూర్చున్నారు. "ఇది కాపాడతాం, మాకు అప్పగించండి అని కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్నాం. కాపాడేవాళ్లే పడగొట్టారని తెలిస్తే తాళాలు లాక్కుని, వారంలో నేలమట్టం చేస్తారు. అదే బయటి నుంచి వచ్చిన సెట్టు వల్ల పొరపాటు జరిగిందంటే ఇంకో అవకాశం ఇస్తారు. కేసేమీ ఉండదు. సౌండు కాస్త ఎక్కువైందండీ అని ఒక్క మాట అను చాలు. తర్వాత నీకు పని నేను చూపిస్తాను."

"అంటే నా పొట్ట కొట్టి మీ హాలు నిలబెట్టుకుంటారు."

"సరే. చెప్పు." ఆయన గొంతు పెంచలేదు. "గురువారం అందరి ముందూ నిలబడి చెప్పు. అటక ఎవరు గీకారని అడుగుతారు. ఎవరి పేరు చెబుతావు?"

మైకాయన తలెత్తి పైన బద్దల వైపు చూశాడు.

"పైన కూడా చెయ్యమ్మా అన్నది నేనే," అన్నారు డాక్టరు గారు, కర్రతో సున్నంలో అర్థంలేని గీతలు గీస్తూ. "మేష్టారి చెయ్యి నావల్లా పోయింది. కానీ నన్నెవరూ ఏమీ అనరు. ముసలాణ్ణి. ఆమెని అంటారు."

*

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బుధవారమంతా మైకాయన షెడ్డుకీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. చుట్టిన వైర్లే విప్పి మళ్లీ చుట్టాడు. బావమరిది రెండుసార్లు అతని నుదురు తాకి చూశాడు.

"జ్వరం లేదు. మరి ఏమిటి బావా?"

"ఒరేయ్, శుభ్రం చేసేటప్పుడు నువ్వు కూడా అటకెక్కావా?"

"అక్క రానిస్తేగా! బుట్టలు కింద అందుకోమంది. పై పని నువ్వు నీటుగా చేయలేవు, అది నేనే చెయ్యాలి అంది. ఒక్కతే గీకింది, రెండు ఆదివారాలు. ఎందుకూ?"

"ఏం లేదు. ఊరికే."

సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని బకెట్లు తోముతోంది. వచ్చే ఆదివారానికి. పైకప్పు పడ్డ హాలులో ఇంకా ఎక్కువ పని ఉంటుంది కదా, మానేస్తే ఎలా అంది పొద్దున పక్కింటావిడతో. మైకాయన గుమ్మంలో నిలబడి ఆమె చేతులు చూస్తున్నాడు. బొబ్బలు మాని గట్టిపడ్డ అరచేతులు.

"ఏమిటలా చూస్తారు?" ఆదివారం తర్వాత తమ్ముడితో కాకుండా అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఏం లేదు."

"రేపు ఆ ఇంజనీరమ్మ అడిగితే తప్పించుకోకండి. అయింది నావల్లేనండీ అనండి. దాపరికం లేకుండా చెబితే వాళ్లూ మనుషులే." బకెట్ బోర్లించింది. "నేనూ సైగ సరిగా చెయ్యలేదేమో. అదీ చెప్పండి కావాలంటే."

"ఒకవేళ నావల్ల కాకపోతే?"

"మరెవరివల్ల? గాలికి పడిందా?"

మాట గొంతుదాకా వచ్చింది. నీ వల్ల అనాలి, అంతే. రెండు ముక్కలు. అంటే ఫోన్లు మళ్లీ మోగుతాయి, లైసెన్సు ఉంటుంది. కానీ ఆమె అప్పటికే వేరే మాటలోకి వెళ్లిపోయింది.

"మీకు తెలియదు. ఇంట్లో నన్నెవరు ఏమని పిలుస్తారు? ఏమే, ఇలా రా. అంతే కదా. అక్కడ బ్యాంకు మేనేజరు కూడా 'కెప్టెన్ గారూ, ఈ బల్ల ఎక్కడ పెట్టమంటారు' అని అడుగుతాడు. నేను ఇక్కడ అంటే ఇక్కడే పెడతాడు." నవ్వింది. నవ్వి, తన కోపం గుర్తొచ్చినట్టు మళ్లీ మొహం ముడిచింది. "మీమీద నాకింకా కోపం పోలేదు. అది వేరే సంగతి."

మైకాయన ఆమె పక్కన కూర్చుని రెండో బకెట్ అందుకున్నాడు.

"ఆ అడుగు సరిగా తోమండి," అందామె. "పైపైన తోమితే తోమినట్టు కాదు."

*

గురువారం పొద్దున హాలు పెరట్లో బెంచీలు వేశారు. వచ్చినవాళ్లు సంగీత సాయంత్రానికి వచ్చినవాళ్ల కన్నా ఎక్కువే. ముందు బెంచీలో వయొలిన్ మేష్టారు, చెయ్యి మెడకి వేలాడదీసుకుని. ఆయన పక్కన డాక్టరు గారు. లావుపాటాయన తలకి రుమాలు బదులు పెద్ద కట్టుతో వచ్చాడు.

ఇంజనీరమ్మ లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. అటకలో ఆమె అడుగుల చప్పుడు బయటికి వినిపిస్తోంది. ట్యాంకు దగ్గర ఆగింది. అక్కడే ఆగిపోయింది. మైకాయన చెమట తుడుచుకున్నాడు. డాక్టరు గారు అతనివైపు చూడలేదు.

ఆమె బయటికొచ్చి తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"ఎన్నో పాత కట్టడాల అటకలెక్కాను. దిగాక స్నానం చేయకుండా మనుషుల్లో కూర్చోలేం. ఇక్కడ నా చేతికి దుమ్మే అంటలేదు. అటక ఇంత శుభ్రంగా ఎవరు..."

"సౌండు నాదేనండీ!" మైకాయన లేచి నిలబడ్డాడు. "ఎక్కువ పెట్టింది నేనే. మీట నేనే తోశాను. ఎంత తోశానో గుర్తులేదు గానీ తోశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజనీరమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"మీ సంగతి నేనింకా అడగలేదు. కూర్చోండి. అటక ఎవరు శుభ్రం చేశారని అడుగుతున్నాను."

"కమిటీ చేసింది," అన్నారు డాక్టరు గారు. "అందరం కలిసి."

"అందరూ ఎక్కడండీ!" వెనక వరసలోంచి కెప్టెన్ వదిన లేచింది. నాలుగు రోజుల తర్వాత ఆమె మొహం మళ్లీ వెలిగింది. "మీ చేతికి దుమ్ము అంటలేదన్నారే, ఆ మాట చాలండీ నాకు. నేనే చేశాను. ఒక్కదాన్నే. ఆ సున్నపు గడ్డలు మహా మొండివి. పారతో కూడా ఓ పట్టాన రాలేదు. సుత్తి పెట్టి కొట్టి మరీ తీశాను. ఒక్కటి వదల్లేదు. ట్యాంకు వెనకాల తప్ప. అక్కడికి చెయ్యి దూరలేదు, క్షమించాలి."

ఇంజనీరమ్మ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. వదిన దగ్గరికి నడిచి వెళ్లింది. అందరికీ వినపడేలా చెప్పాలనుకోలేదు కాబోలు, గొంతు తగ్గించింది. కానీ పెరట్లో ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు.

"అమ్మా, ఆ గడ్డలు చెత్త కాదు. కిందున్న గార పైకి వచ్చి బద్దల్ని పట్టుకున్న పట్టు అది. వాటిమీదే పైకప్పు వేలాడుతోంది. అవి తీసేశాక ఇక ఏ రోజైనా పడేదే. ఎవరైనా గట్టిగా తుమ్మినా పడేది."

వదిన చిరునవ్వు ఇంకా మొహం మీదే ఉంది. దాన్ని తీయడం మరిచిపోయినట్టుంది. ఆమె హాలు వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. తన అరచేతులు చూసుకుంది. తర్వాత తలతిప్పి భర్తని చూసింది.

"మీకు తెలుసా?"

మైకాయన బెంచీ అంచు గోటితో గీకుతున్నాడు.

"నిన్న బకెట్ తోముతున్నప్పుడు మీకు తెలుసా?"

"సౌండు కూడా ఉందిలే," అన్నాడతను. "గ్లాసు పెట్టి చూశాను. నడిచింది."

"చూశారా, ఆయనే ఒప్పుకుంటున్నాడు!" లావుపాటాయన లేచాడు. "తుమ్మూ గిమ్మూ కాదండీ, అందరం విన్నాం..."

"మీరు కూర్చోండి," అన్నారు డాక్టరు గారు. కర్ర ఊతంతో లేవబోయారు. "ఇంజనీరు గారూ, చెయ్యమన్నది నేను. ఆమె నా మాట విని... అమ్మా, నువ్వు కూర్చో. నువ్వేం మాట్లాడకు. హాలు సంగతి ఆలోచించు."

ఆమె కూర్చోలేదు. బెంచీల మధ్య నుంచి ముందుకి నడిచింది. దారిలో ఒకరి కాలు తొక్కింది, చూసుకోలేదు. మైకాయన లేచి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. విడిపించుకుంది. వయొలిన్ మేష్టారి ముందుకొచ్చి ఆగింది. ఆయన మెడకి వేలాడుతున్న చేతినీ, కదలని ఆ చిటికెన వేలినీ చూసింది.

తర్వాత పెరట్లో చివరి బెంచీ దాకా వినపడేలా చెప్పింది.

"మేష్టారూ, మీ చెయ్యి విరగ్గొట్టింది మా ఆయన కాదు. నేను."